సంజ్ఞయు సభయు: గణిత, భౌతిక ప్రసంగములలోని సంక్షేపాజ్ఞలపై ఒక విమర్శ

విషయ ప్రవేశము

తెలుగు పిల్లలు పలక పట్టిన తొలినాళ్లలోనే 'అచ్చులు', 'హల్లులు' అను రెండు మాటలు నేర్తురు. ఈ మాటలు మన నోట ఎంతగా నానినవనగా, ఇవి పాణిని వ్యాకరణములోని కుఱుచ గుర్తులన్న సంగతి మనలో పెక్కుమందికి తోచనే తోచదు. మాహేశ్వర సూత్రములు పదునాలుగింటిలో మొదటిదగు అకారము మొదలుకొని నాలుగవ సూత్రము తుదనున్న చకారము వఱకు గల స్వరములన్నిటికిని కలిపి 'అచ్' అని పేరు. అయిదవ సూత్రపు హకారము మొదలుకొని చివరి సూత్రపు లకారము వఱకు గల వ్యంజనములన్నిటికిని 'హల్' అని పేరు. పెద్ద పట్టికను మాటిమాటికి చదువనక్కఱలేకుండ రెండక్షరములలో ఇముడ్చుటయే ఈ యేర్పాటు ప్రయోజనము.

చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా నుండిన పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును ప్రకటించెను. దాని మొదటి భాగమునకు 'సంజ్ఞా పరిచ్ఛేదము' అని పేరు. పరుషములనగా నేవి, సరళములనగా నేవి, ద్రుతమనగా నేది అని ముందుగా తేల్చిన పిదపనే ఆయన సంధికార్యములకు దిగెను. పేరు పెట్టుట, పెట్టిన పేరును చదువరికి ముందుగా తెలుపుట, తెలిపిన తరువాత దానిని మార్చకుండుట: ఈ మూడును శాస్త్రకారుని ధర్మములు.

ఈ ధర్మములు నేడు మఱియొక చోట పరీక్షకు వచ్చుచున్నవి. బెంగుళూరు, చెన్నై, ముంబయి, భువనేశ్వరము మొదలగు నగరములలోని విజ్ఞాన సంస్థలలో గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసించు మన యువకులును యువతులును తమ పరిశోధనలను సభలలో వినిపించునపుడు తెరపై పుటలు చూపుదురు. వాడుకలో వీనిని స్లైడులనుచున్నాము. ఆ పుటలలోని సమీకరణములను త్వరగా కూర్చుటకై ఎవరికి వారు సొంత సంక్షేపాజ్ఞలను కల్పించుకొనుచున్నారు. ఇంగ్లీషున వీనికి మాక్రోలని పేరు. ఈ అలవాటులోని గుణదోషములను విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము. నా వాదము నిచటనే చెప్పుదును. సంక్షేపాజ్ఞ అర్థమునకు పెట్టిన పేరు కావలెను. వ్రాయువాని చేతి శ్రమను తగ్గించుచు వినువాని శ్రమను పెంచరాదు.

సంక్షేపాజ్ఞ యననేమి?

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడగు డోనాల్డ్ కనూత్ తన 'ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' అను గ్రంథము రెండవ సంపుటమును పునఃప్రకటన చేయుచు, 1977లో వచ్చిన ప్రూఫులను చూచి నిరాశ చెందెను. సీసపు అక్షరముల కూర్పు వెనుకబడి ఫోటో కూర్పు ముందుకు వచ్చిన దినములవి. మునుపటి కూర్పులోని నేర్పు క్రొత్త ప్రూఫులలో కానరాలేదు. ఆ కొఱత తీర్చుటకై ఆయన తానే పూనుకొని 'టెక్' అను కూర్పు వ్యవస్థను 1978లో వెలువరించి, 1982లో దానిని మరల మొదటినుండి వ్రాసెను. దానిపై లెస్లీ లాంపోర్ట్ 'లాటెక్' అను సులభతర రూపమును నిర్మించి 1986లో దానికొక గ్రంథము ప్రకటించెను. టిల్ టాంటౌ అను విద్వాంసుడు 2003లో తన డాక్టరేటు పరీక్షా ప్రసంగము కొఱకు 'బీమర్' అను తెరపుటల సాధనమును లాటెక్‌పై నిర్మించెను. నేడు గణిత, భౌతిక సభలలో కనబడు తెరపుటలలో పెక్కు దీని సంతానమే.

ఈ వ్యవస్థలో వెనుకకు వాలిన గీత నొకదానిని పెట్టి ప్రక్కన ఒక పేరు వ్రాసినచో అది ఆజ్ఞ యగును. యంత్రము ఆ పేరును చూచి దానికి ముందుగా చెప్పియుంచిన పని చేయును. టెక్ పుట్టుకతో ఎఱిగిన మూలాజ్ఞలు సుమారు 300. వానిని కలిపి కనూత్ తానే మఱి 600 ఆజ్ఞలను కల్పించి, సామాన్యులు వాడదగిన రూపమునిచ్చెను. అనగా టెక్ యొక్క దేహమే సంజ్ఞపై సంజ్ఞగా కట్టిన కట్టడము. వాడువాడును ఆ కట్టడముపై తన యంతస్తును కట్టుకొనవచ్చును. గ్రంథారంభమున పీఠిక యను భాగమున 'న్యూకమాండ్' అను ఆజ్ఞతో క్రొత్త పేరును, దాని విస్తరణమును ఒకమాఱు చెప్పిన చాలును. అటుపిమ్మట ఆ పేరు వ్రాసిన ప్రతి చోటను విస్తరణము వచ్చి కూర్చుండును.

ఈ పద్ధతి తెలుగు వారికి క్రొత్తది కాదు. మన ఛందస్సున లఘువునకు 'ల', గురువునకు 'గ' అనునవి మూలములు. వానిని మూడేసిగా కూర్చిన యెనిమిది గణములకు య, మ, త, ర, జ, భ, న, స అని పేర్లు. లఘువును గురువును కలిపిన జంటకు 'వ' అని పేరు. వీనితో ఉత్పలమాలను 'భ ర న భ భ ర వ' అని ఏడు గుర్తులలో చెప్పుదుము. ఇరువది అక్షరముల పాదము నిర్ణయమగును. మూలము, మూలములపై సంజ్ఞ, సంజ్ఞలపై లక్షణము: టెక్ చేయు పనియు నిదియే.

అర్థమును బట్టి పేరు

సంక్షేపాజ్ఞకు గల నిజమైన గుణము త్వరగా వ్రాయగలుగుట యని పెక్కుమంది తలంతురు. అది చిన్న గుణము. పెద్ద గుణము వేఱొకటి కలదు: ఒక భావమునకు ఒక్క చోట రూపమును నిర్ణయించి, ఆ రూపమును తరువాత ఒక్క చోటనే మార్చగలుగుట.

సదిశ రాశిని చూడుడు. అచ్చు గ్రంథములలో దానిని బొద్దు అక్షరముతో చూపుట వాడుక. నల్లబల్లపై బొద్దు వ్రాయుట కుదరదు గనుక అక్షరముపై బాణము గీయుదుము. తెరపై, దూరపు వరుసలలో కూర్చున్న వారికి బొద్దక్షరమునకును మామూలు అక్షరమునకును భేదము తెలియుట కష్టము, బాణమే స్పష్టము. వ్రాయువాడు ప్రతి సమీకరణమునను 'బొద్దుచేయుము' అని ఆజ్ఞాపించి యుండినచో, వ్యాసమును ప్రసంగముగా మార్చునపుడు నూఱు చోట్ల వెదకి దిద్దవలెను. 'సదిశ' అని ఒక పేరు పెట్టుకొని యుండినచో పీఠికలో ఒక్క పంక్తి మార్చిన చాలును. మొదటిది రూపమును బట్టిన ఆజ్ఞ, రెండవది అర్థమును బట్టిన ఆజ్ఞ.

సమాకలనములోని 'డి' అను అక్షరము మఱియొక తార్కాణము. అంతర్జాతీయ ప్రమాణ సంస్థ గణిత చిహ్నములకు ఏర్పఱచిన ప్రమాణమున ఆ అక్షరము నిలువుగా నుండవలెను. గణిత పత్రికలలో పెక్కింట అది వాలి యుండును. ఏది మేలని వాదించుట ఇచట నా పని కాదు. దానికొక పేరు పెట్టుకొన్నవాడు ఏ సంప్రదాయమునకైనను క్షణమున మాఱగలడు. ఇట్లే 'సైన్' అను ప్రమేయమును ఆజ్ఞగా గాక మూడు విడి అక్షరములుగా వ్రాసినచో, యంత్రము దానిని మూడు రాశుల గుణకారముగా భావించి వాలిన అక్షరములతో కూర్చును. ప్రమేయమునకు పేరు పెట్టు ప్రత్యేకాజ్ఞతో చెప్పినపుడే అక్షరములు నిలువుగా నిలిచి, ఇరుప్రక్కల తగిన ఎడము ఏర్పడును.

సంజ్ఞకు అర్థమెంత ముఖ్యమో తెలుపుటకు మనవారి నొకరిని తలచుకొనుట యుక్తము. కర్ణాటకమున హూవినహడగలిలో తెలుగు కుటుంబమున 1920లో జనించి, సంఖ్యాశాస్త్రమున జగద్విఖ్యాతుడై 2023లో దివంగతుడైన కల్యంపూడి రాధాకృష్ణరావు, సామాన్య విలోమము లేని మాత్రికలకును పనికివచ్చు 'సాధారణీకృత విలోమము'ను వివరించిన వారిలో ప్రముఖుడు. 1971లో సుజిత్ కుమార్ మిత్రతో కలిసి దానిపై గ్రంథమును వెలువరించెను. ఆ విలోమమునకు మాత్రిక పేరుపై ఋణ చిహ్నము నొక్కదానిని నిలుపుట వారి సంకేతము. మూర్, పెన్రోజ్ అనువారల పేర నున్న ప్రత్యేక విలోమమునకు ధన చిహ్నము. మామూలు విలోమమునకు ఋణ చిహ్నము ప్రక్కన ఒకటి. ఈ మూడును చూపునకు దగ్గఱ, అర్థమునకు దూరము. తొందరలో ఋణ చిహ్నము ప్రక్కన ఒకటి వేసిన వాడు, లేని విలోమమును ఉన్నదనిన వాడగును. మూడింటికి మూడు స్పష్టమైన పేర్లు పెట్టుకొన్నవాడు ఏది వ్రాయుచున్నాడో ప్రతిమాఱు తనకు తాను చెప్పుకొనుచుండును. ఇచట సంక్షేపాజ్ఞ తప్పును నివారించు కాపరి.

గొప్ప సంకేతము ఆలోచననే నడిపింపగలదనుటకు డిరాక్ సాక్షి. క్వాంటం యాంత్రికమున స్థితులను సూచించుటకై 1939లో ఆయన 'బ్రాకెట్' అను మాటను రెండుగా విఱిచి, ఎడమ తునుకకు 'బ్రా' యనియు, కుడి తునుకకు 'కెట్' అనియు పేరు పెట్టెను. రెండును కలిసినచో సంఖ్య. వెనుదిరిగి నిలిచినచో ఒక పరికర్మ. చూచినంతనే అర్థము తెలియును. నేటి యువకుడు దీనిని కూర్చునపుడు, కోణపు కుండలీకరణములకు బదులు, మీటలపై సులభముగా దొరకు 'కంటె తక్కువ', 'కంటె ఎక్కువ' గుర్తులను వాడుట కద్దు. యంత్రము వానిని పోలిక గుర్తులుగా గ్రహించి నడుమ ఎడములను చెఱచును. 'కెట్' అని ఆజ్ఞ నేర్పఱచుకొన్నచో ఈ లోపము పుట్టదు; డిరాక్ పెట్టిన పేరే ఆజ్ఞ పేరగును. ఇంతకంటె మేలైన సంజ్ఞ యేమి కావలెను?

వ్రేళ్లను బట్టి పేరు

ఇక దోషములు. మొదటి దోషము, అర్థమును విడిచి వ్రేళ్ల సుఖమును బట్టి పేరు పెట్టుట. వాస్తవ సంఖ్యల సమితికి ఒక్క అక్షరము, గ్రీకు అక్షరములకు రెండేసి అక్షరములు, సమీకరణపు పరిసరమునకు రెండక్షరములు: ఇట్లు కుదించిన పీఠికలను నేను పెక్కింటిని చూచితిని. వ్రాసినవాడే ఆరు మాసముల పిదప వానిని చదువలేడు. ఒక మీట కలిసి వచ్చినది. ఒక దినము పోయినది.

పేరు చిన్నదైన కొలది అది మఱియొకరి పేరుతో ఢీకొనుట అధికము. భౌతికశాస్త్ర విద్యార్థులలో మిక్కిలి వ్యాప్తి నొందిన 'ఫిజిక్స్' అను ప్యాకేజీ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. అది ఎందఱికో శ్రమ తగ్గించినదనుట సత్యము. అవకలజములను, కెట్లను రెండు మూడు అక్షరములతో వ్రాయనిచ్చును. అయినను లాటెక్‌లో మొదటినుండి భాగహార చిహ్నమునకున్న 'డివ్' అను పేరును అది సదిశ క్షేత్రపు అపసరణమునకు ఇచ్చివేయును. భాగహారమునకు వేఱొక దీర్ఘనామమును కేటాయించును. ఈ మార్పు నెఱుగని వాడొకడు అదే పీఠికతో బడిపిల్లల కొఱకు ఆఱును రెండుచే భాగించు లెక్క వ్రాసెననుకొందము. తెరపై ఆఱునకును రెండునకును నడుమ తలక్రిందైన త్రికోణమును ఒక చుక్కయు ప్రత్యక్షమగును! మఱియు 'క్యూటీవై' అను పేరును ఆ ప్యాకేజీ కుండలీకరణముల పరిమాణమునకు వాడుచుండగా, ప్రమాణములతో కూడిన రాశులను కూర్చు 'ఎస్‌ఐయూనిట్‌ఎక్స్' అను ప్యాకేజీ 2021 నాటి మూడవ రూపమున అదే పేరును రాశికి పెట్టుకొన్నది. రెంటిని కలిపి వాడువారు చిక్కున పడిరి.

ఇట్టి చిక్కు పాణినికిని తప్పలేదు. మాహేశ్వర సూత్రములలో ణకారము మొదటి సూత్రము తుదను ఒకమాఱు, ఆఱవ సూత్రము తుదను మఱియొకమాఱు గుర్తుగా వచ్చును. కావున 'అణ్' అన్నపుడు ఏ ణకారము వఱకు అను సందేహము పుట్టినది. వ్యాఖ్యాతలు ఎచట ఏది గ్రాహ్యమో చెప్పి దానిని తీర్పవలసి వచ్చినది. పాణినికి పతంజలి వంటి వ్యాఖ్యాత దొరకెను. మన విద్యార్థి పీఠికకు ఏ వ్యాఖ్యాత దొరకును? తన వ్యాఖ్యను తానే వ్రాసికొనవలెను.

లాటెక్ ఈ విషయమున ఒక రక్షణ నిచ్చినది. 'న్యూకమాండ్' అను ఆజ్ఞతో పేరు పెట్టినచో, ఆ పేరు మునుపే ఉన్న యెడల యంత్రము ఆగి తప్పని చెప్పును. 'డెఫ్' అను టెక్ మూలాజ్ఞ అట్లు చెప్పదు. పాత అర్థమును మౌనముగా తుడిచి క్రొత్తదానిని నిలుపును. ఉన్న పేరును తెలిసియే మార్చదలచిన వానికి 'రిన్యూకమాండ్' కలదు. ఈ భేదము నెఱుగక, ఎచటనో చూచిన 'డెఫ్'లను దించుకొనువారు తమ ఇంటి తాళమును తామే ఊడదీయుచున్నారు.

ఇంటి సంకేతము, ఊరి సంకేతము

రెండవ దోషము, సంకేతము సొంతదై ఇతరులకు అందకుండుట. అన్నదమ్ముల బిడ్డలు తమలో తాము ఆడుకొను కరభాష ఇంటిలో ముద్దు. సంతలో దానితో సరకు కొనలేము. పరిశోధన నేడు నలుగురు కలిసి చేయు పని. ఒకరి ఆజ్ఞలు వేఱొకరికి తెలియవు. ఇద్దఱి పీఠికలను కలిపినపుడు ఒకే పేరునకు రెండర్థములు వచ్చును.

1991లో ఆరంభమైన 'ఆర్‌కైవ్' అను వ్యాస భాండాగారమునకు భౌతిక, గణిత శాస్త్రజ్ఞులు తమ వ్యాసముల టెక్ మూలములనే పంపుచున్నారు. అచట వ్యాస సంగ్రహము విడిగా ప్రకటితమగును. రచయిత పీఠికలోని సొంత ఆజ్ఞలు దానికి చేరవు. కావున సంగ్రహమున సొంత పేరు వాడినవాని సమీకరణము పాఠకునకు పగిలిన పెంకువలె కనబడును. 2023 డిసెంబరు మొదలుకొని ఆ భాండాగారము క్రొత్త వ్యాసములను, చూపు లేని వారికి చదివి వినిపించు యంత్రములకు అనువైన రూపమునకు గూడ మార్చుచున్నది. ఆ మార్పు చేయు క్రమణిక ఎఱుగని ప్యాకేజీలును, చిత్రవిచిత్రములైన సొంత ఆజ్ఞలును ఉన్న వ్యాసము ఆ రూపమునకు సరిగా రాదు. ఇచట సంక్షేపము వలన నష్టపోవునది ఒక అంధ విద్యార్థి చదువు. దీనిని చిన్న విషయమనరాదు.

సొంత సంకేతముపై మమకారము ఒక జాతినే వెనుకబెట్టిన కథ గణిత చరిత్రలో కలదు. కలనమును న్యూటన్ చుక్కలతోను, లైబ్నిట్జ్ 'డి' అక్షరముతోను వ్రాసిరి. ఎవరు ముందు కనుగొనిరను కలహము ముదిరి ఇంగ్లండువారు చుక్కలనే పట్టుకొనిరి. యూరపు ఖండము లైబ్నిట్జ్ మార్గమున ముందునకు సాగెను. 1812లో కేంబ్రిడ్జిలో బాబేజ్, హెర్షెల్, పీకాక్ మొదలగు యువకులు సంఘముగా ఏర్పడి ఖండపు సంకేతమునకై పోరాడవలసి వచ్చెను. పదిమందితో కలియుటకు వారు తమ ఇంటి గుర్తును విడిచిరి. ఇది ప్రవాసమున నున్న మనకు గూడ ఆలోచింపదగిన పాఠము.

సభలో సంక్షేపము

ఇంతవఱకు చెప్పినది వ్యాసమునకును ప్రసంగమునకును సమానము. ప్రసంగమునకు ప్రత్యేకమగు దోషము మూడవది. నా దృష్టిలో ఇదియే అన్నిటికంటె పెద్దది.

గ్రంథము చదువువాడు తెలియని గుర్తు కనబడినచో వెనుకకు తిరుగవేసి చూచుకొనును. సభలో వినువానికి ఆ అవకాశము లేదు. తెరపై పుట ఒకటి రెండు నిమిషములు నిలిచి పోవును; పోయినది తిరిగి రాదు. వ్రాయుట కష్టమైన కాలమున వక్త ఆలోచించి వ్రాసెడివాడు. నల్లబల్లపై సుద్దముక్కతో వ్రాయుచుండగా, చేతి వేగమే వినువారి వేగమై యుండెను. నేడు సంక్షేపాజ్ఞల పుణ్యమా యని పది పంక్తుల సమీకరణము రెండు క్షణములలో పుటపైకి వచ్చును. వ్రాయుటకు శ్రమ లేనందున వ్రాయవలెనా అను ప్రశ్నయే పుట్టకున్నది. చేతికి తగ్గిన బరువు వినువాని తలపై పడుచున్నది.

అవధానమున పృచ్ఛకుడు ఉత్పలమాల నడిగినచో అవధాని మనస్సులో 'భ ర న భ భ ర వ' అను లెక్క నడుచుచుండును. కాని ఆయన సభకు గణములను చదివి వినిపింపడు, పద్యమును వినిపించును. గణములు కవికి, పద్యము సభకు. సంక్షేపాజ్ఞయు అట్టిదే. అది మూలమున నుండి వ్రాయువానికి తోడ్పడవలెను గాని, తెరపై సభ్యులు విప్పుకొనవలసిన ముడిగా నిలువరాదు. 1916లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతమును వ్రాయుచు, ఒకే సూచిక రెండుమాఱులు వచ్చినచోట సంకలన చిహ్నమును విడిచివేయు సంప్రదాయమును ప్రవేశపెట్టెను. ఎఱిగినవారికి అది వరము. ఎఱుగని వారున్న సభలో వక్త మొదట ఒకమాఱు సంకలన చిహ్నముతో పూర్తిగా వ్రాసి చూపి, పిదప దానిని తొలగించుట న్యాయము.

ఈ మర్యాదను పాటించుటకు గూడ సంక్షేపాజ్ఞయే సాధనము కాగలదు. బీమర్‌లో సమీకరణపు భాగములను ఒకదాని వెనుక ఒకటిగా తెఱచి చూపవచ్చును. ఇచట ఒక సూక్ష్మము కలదు. 'ఓన్లీ' అను ఆజ్ఞ దాచిన భాగమునకు చోటు విడువదు. కావున అది వెలువడినపుడు తక్కిన సమీకరణము ప్రక్కకు గెంతును, చూచువాని కన్ను చెదరును. 'అన్‌కవర్' అను ఆజ్ఞ చోటును ముందే విడిచి యుంచును. భాగము వచ్చినను తక్కినది కదలదు. దీనిపై 'తెఱచు' అని ఒక చిన్న ఆజ్ఞ నేర్పఱచుకొని ప్రసంగమంతయు దానినే వాడువాడు సభకు ఉపకారము చేసినవాడగును. ఇట్లే ప్రసంగమున కేంద్రమైన రాశికి ఒకే రంగును పేరుతో నిర్ణయించినచో, మొదటి పుటలోని ద్రవ్యరాశియు చివరి పుటలోని ద్రవ్యరాశియు ఒక్కటేయని వినువాడు చూపుతోనే పోల్చుకొనును. రంగును అచటచట చేతికి వచ్చినట్లు వేసినచో అది తిరునాళ్ల తోరణమగును.

మన తెలుగువారి పని

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాములలో తరములుగా నివసించు మనకు ఈ విషయమున ఒక ప్రత్యేక ప్రయోజనము కలదు. మన పిల్లలు శాస్త్రమును ఇంగ్లీషునను ఆయా రాష్ట్ర భాషలలోను చదువుచున్నారు. ఇంటిలో తెలుగు మాటాడుచున్నారు. సంఘము ఆధ్వర్యమున తెలుగున ఒక విజ్ఞాన ప్రసంగము చేయుమన్నచో, పారిభాషిక పదముల కడ ఆగిపోవుచున్నారు. మహారాష్ట్రమున మరాఠీ బడిలో 'సంవేగ' యని నేర్చిన బాలిక, తెలుగు పాఠ్యగ్రంథములలో దానినే 'ద్రవ్యవేగము' అందురని ఎఱుగదు. 'త్వరణము' మాత్రము రెంటను ఒక్కటే యని తెలిసినచో సంతోషించును.

పారిభాషిక పదములకు అర్థమును బట్టి ఆజ్ఞలు పెట్టుకొన్నచో ఈ చిక్కు తీరును. పదమును పుటలో నేరుగా వ్రాయక ఆజ్ఞగా వ్రాసి, పీఠికలో భాష నొక్క మాటతో ఎన్నుకొనిన చాలును. ఒకే ప్రసంగము ఇంగ్లీషున ఒకమాఱు, తెలుగున ఒకమాఱు వెలువడును. సమీకరణములు మాఱవు, పదములు మాఱును. 2004లో వెలువడిన 'జీటెక్' వంటి యంత్రములు వచ్చిన పిదప తెలుగు లిపిని నేరుగా వ్రాసి కూర్చుట సాధ్యమైనది. అంతకు ముందు రోమను లిపిలో వ్రాసి ప్రత్యేక క్రమణికలతో మార్చుకొనవలసి యుండెను. నేడు ఆజ్ఞల పేర్లను గూడ తెలుగు అక్షరములలోనే పెట్టుకొనవచ్చును.

అయితే ఇచట హెచ్చరిక యొకటి అవసరము. ఈ పద్ధతి ఇంగ్లీషు నుడికారమునకు అనుగుణముగా పుట్టినది. ఇంగ్లీషున పదము రూపు మాఱకుండ నిలుచును. విభక్త్యర్థము వేఱు మాటతో తెలియును. తెలుగున విభక్తి పదమునకే అంటును. కొన్నిచోట్ల పదము రూపే మాఱును. 'నీరు' అని ఆజ్ఞకు విస్తరణము నిచ్చి దాని ప్రక్కన 'సాంద్రత' యని వ్రాసినచో 'నీరు సాంద్రత' యని అచ్చగును. 'నీటి సాంద్రత' కానేరదు. చిన్నయసూరి ఔపవిభక్తికములని చెప్పిన పదములన్నియు ఈ యంత్రమును ఓడించును. కావున పదపు ఆజ్ఞలను శీర్షికలకును, పట్టికలకును, పటములలోని పేర్లకును పరిమితము చేసి, వాక్యములను మాత్రము చేతితో వ్రాయుట మేలు. 'ద్రవ్యవేగము' వంటి పదములకు 'ను', 'నకు' చేర్పవలసి వచ్చినపుడు, ఆజ్ఞకును ప్రత్యయమునకును నడుమ ఖాళీ మీసపు కుండలీకరణముల జంట నొకదానిని పెట్టవలెను. లేనిచో యంత్రము ప్రత్యయమును గూడ ఆజ్ఞ పేరులో భాగమనుకొని, అట్టి ఆజ్ఞ నాకు తెలియదని మొఱపెట్టును.

ఉపసంహారము

సంక్షేపమును నిందించుట నా యుద్దేశము కాదు. 1557లో రాబర్ట్ రికార్డ్ 'సమానము' అను మాటను పదేపదే వ్రాయుటకు విసిగి రెండు సమాంతర రేఖలను గీసెను. ఆ సంక్షేపము లేని గణితమును నేడు ఊహింపజాలము. అది నిలిచినదనగా, చూచినంతనే అర్థమగుట వలనను, అందఱిదగుట వలనను నిలిచినది. మన యువకులు కల్పించుకొను ఆజ్ఞలలో అధికభాగము ఒక ప్రసంగముతో పుట్టి దానితోనే గతించును. వానికి శాశ్వతత్వము నడుగుట లేదు, మర్యాద నడుగుచున్నాను.

పీఠికలో ఆజ్ఞలు కొలదిగా నుండవలెను. ప్రతి పేరును అది చెప్పు అర్థమును తెలుపవలెను. ప్రతి పేరు ప్రక్కనను ఒక పంక్తి వివరణ యుండవలెను. పాత పేరును మౌనముగా చెఱుపరాదు. సంఘములలో నలుగురు కలిసి ఒకే పీఠికను సిద్ధపఱచి, దానిలో తెలుగు పారిభాషిక పదములను చేర్చి, తరువాతి తరమునకు అందించినచో అది మన కాలపు సంజ్ఞా పరిచ్ఛేదమగును. 1968లో హైదరాబాదున నెలకొన్న తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములును, పదకోశములును ఆ పనికి కావలసిన పదసంపదను సమకూర్చియే యున్నవి.

చెన్నపురిలో తమిళుల నడుమ నుండి చిన్నయసూరి తెలుగునకు వ్యాకరణము వ్రాసెను. వేఱు భాషల నడుమ నుండువారికి తమ భాషలోని నియమము స్పష్టముగా కానవచ్చుట ఒక మేలు. ఆ మేలు మనకును కలదు. బడిలో ఒక మాట, ఇంటిలో ఒక మాట విను బాలిక ఒకనాడు మన సభలో నిలిచి, తన పరిశోధనను తన తాతయు నాయనమ్మయు గ్రహింపగల తెలుగున తెరపై చూపవలెనని నా కోరిక. ఆమె పీఠికలో ఎన్ని ఆజ్ఞలున్నవో సభ్యులకు తెలియ నక్కఱలేదు. ఆమె చెప్పినది తెలిసిన చాలును.